మా ఆవిడ ఊపిరి

నేను డ్రిల్లు మాస్టారిని. ఇరవై రెండేళ్ళుగా, మొదట గుంటూరులో, తర్వాత పర్చూరు దగ్గర ఒక హైస్కూల్లో, పిల్లల చేత పరుగులు తీయిస్తున్నాను. పత్తి, మిరప తప్ప ఇంకో మాట వినపడని ఊళ్ళో పుట్టాను. అయినా నాకు ఈత బాగా వచ్చు. సాగర్ కాలువకు నీళ్ళు వదిలారంటే మొదట దూకేది నేను, ఆఖరున గట్టెక్కేది నేను. లాకుల దగ్గర మునిగి, ఊపిరి బిగబట్టి, అవతలి మెట్ల దగ్గర తేలేవాణ్ని. పొలాల నుంచి ఇళ్ళకు పోయే కూలీలు గట్టు మీద ఆగి, వీడింకా తేల్లేదేంట్రా అని ఎదురుచూసేవాళ్ళు. ఉద్యోగంలో చేరాక మా బడి పిల్లలు చాలామందికి ఈత నేర్పాను. ఛాతీ నిండా ఊపిరి, దాన్ని పట్టి ఉంచే బలం, ఈ రెండింటిలో నాతో సరితూగేవాడు మండలంలో లేడనుకునేవాణ్ని.

మా ఆవిడకు నీళ్ళంటే భయం. ఆమె ఒక మిషన్ బడిలో చిన్న పిల్లలకు పాఠాలు చెబుతుంది. వాళ్ళ నాన్న తుళ్లూరు వైపు ఒక పల్లెలో చర్చి ఉపదేశిగా పనిచేసేవాడు. ఆయనే ఆమెకు పాట నేర్పాడు. మా చర్చిలో ఆదివారం కీర్తన ఎత్తుకునేది ఆమే. పెళ్ళైన కొత్తలో కాలువకు తీసుకెళ్తే గట్టు మీద కూర్చుని నా చొక్కాకీ చెప్పులకీ కాపలా కాసేది. నేను తల పైకెత్తి చూసేసరికి ఆమె ముఖంలో భయమూ మెచ్చుకోలూ కలిసి కనపడేవి. ఆ చూపుకు నేను ఎంతగా అలవాటుపడ్డానో అది పోయాక గానీ తెలియలేదు.

ఈ కథంతా మా బామ్మర్ది వల్ల మొదలైంది. అతనికి పోర్ట్ బ్లెయిర్ ఓడరేవులో ఉద్యోగం. రెండేళ్ళ కిందట మా మామగారి జ్ఞాపకార్థ కూటానికి వచ్చినప్పుడు, భోజనాలయ్యాక, సముద్రం అడుగున తీసిన వీడియోలు ఫోన్లో చూపించాడు.

"నువ్వూ బావా ఒకసారి రండక్కా. హేవ్‌లాక్ దీవిలో నాకు తెలిసిన తెలుగావిడ డైవింగ్ నేర్పిస్తుంది. బావకైతే ఇట్టే వచ్చేస్తుంది."

"బావకేనా? నేను దిగకూడదా?" అంది మా ఆవిడ.

అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

"నువ్వు కాలువలో కాలు కూడా పెట్టవు కదక్కా!"

"నేర్చుకుంటాను," అంది, ఆ వీడియో మీంచి చూపు తిప్పకుండా.

ఆ కోర్సుకు రెండు నియమాలు ఉన్నాయి. ఆగకుండా రెండు వందల మీటర్లు ఈదాలి. పది నిమిషాలు నీళ్ళ మీద తేలి ఉండాలి. కాబట్టి ఆ వేసవిలో గుంటూరులో ఒక ఈత కొలనుకు ఆమెను తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. నిజానికి ఆ రోజులు నాకు చాలా బాగున్నాయి. "చెయ్యి వదలొద్దండీ, మీకు దణ్ణం పెడతాను," అని నా భుజం గిచ్చి పట్టుకునేది. నేను వదిలేవాణ్ని. నీళ్ళు మింగి, దగ్గి, మళ్ళీ మొదలుపెట్టేది. నలభై నాలుగేళ్ళ మనిషి, అయిదో తరగతి పిల్లలు పక్కనుంచి దూసుకుపోతుంటే పట్టించుకోకుండా, నెమ్మదిగా, మెడ ఎత్తి, ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేది. మే నెలాఖరుకు రెండు వందల మీటర్లు పూర్తి చేసింది. వెల్లకిలా తేలడం మాత్రం రెండో వారంలోనే వచ్చేసింది. కళ్ళు మూసుకుని, లోలోపల ఏదో కీర్తన పాడుకుంటూ, ఎంతసేపైనా అలా ఉండిపోయేది. నేను దాన్ని పెద్దగా లెక్కచెయ్యలేదు.

జనవరి సెలవుల్లో వెళ్ళాం. నేర్పించే ఆమెకు ముప్పై అయిదేళ్ళుంటాయి. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి అండమాన్ వెళ్ళిన కుటుంబం. ఎండకు కమిలిన ముఖం, గట్టి గొంతు. మొదట మా ఇద్దరికీ ఒక్కో ఫారం ఇచ్చింది. గుండె జబ్బు ఉందా, మూర్ఛ ఉందా అని వరసగా ప్రశ్నలు. మా ఆవిడ ఒక ప్రశ్న దగ్గర ఆగింది.

"ఎప్పుడైనా ఉబ్బసం వచ్చిందా అని అడుగుతున్నారండీ. నాకు గుంటూరులో వచ్చింది కదా. అది రాయాలేమో?"

పెళ్ళైన కొత్తలో మేం గుంటూరు మిర్చి యార్డు వెనక వీధిలో అద్దెకుండేవాళ్ళం. బస్తాలు దిగే రోజుల్లో ఆ ఘాటుకు ఆమెకు ఆయాసం వచ్చేది. డాక్టరు ఇచ్చిన మందు పీల్చేది. పర్చూరు వైపు వచ్చేశాక అది మళ్ళీ రాలేదు. పదహారేళ్ళైంది.

"అదేం ఉబ్బసం? మిరప ఘాటుకు ఎవరికైనా వస్తుంది. లేదని రాసేయ్," అన్నాను.

లేదని రాసింది.

మొదటి రోజు పాఠం ఒడ్డుకు దగ్గర్లోనే, రెండు నిలువుల లోతులో. వీపుకు సిలిండర్, నడుముకు సీసం బరువులు, నోట్లో గాలి గొట్టం. ఇసుక మీద మోకాళ్ళపై కూర్చోవాలి. ముఖానికున్న అద్దాల్లోకి నీళ్ళు రానిచ్చి, ముక్కుతో ఊది మళ్ళీ బయటికి పంపాలి. దిగేముందు నేర్పించే ఆమె మాకు ఒకటే మాట పదిసార్లు చెప్పింది. "ఏం జరిగినా ఊపిరి బిగబట్టకూడదు. పీలుస్తూ వదులుతూ ఉండాలి, అంతే."

నాకు వచ్చిన విద్యంతా ఊపిరి బిగబట్టడమే. నీళ్ళు తల మీదికి రాగానే నా ఛాతీ దానంతటదే బిగుసుకుంది. నిండా గాలి ఉన్నవాడు అడుగున కూర్చోలేడు. ఇసుక మీంచి మెల్లగా పైకి లేచిపోయాను. చేతులు బారలేసి కిందికి ఈదాను, మళ్ళీ లేచాను. ఆమె నన్ను పైకి తీసుకొచ్చి, నడుముకు ఇంకో రెండు బరువులు కట్టి, "సార్, ఇది ఈత కాదు. చేతులు కట్టుకోండి," అంది. ఇరవై రెండేళ్ళుగా పిల్లలను చేతులు కట్టుకోమని చెప్పిన నేను సముద్రం అడుగున చేతులు కట్టుకుని కూర్చున్నాను.

నా పక్కన మా ఆవిడ ప్రార్థనలో కూర్చున్నట్టు మోకాళ్ళ మీద ఉంది. కదలడం లేదు. ఆమె నోటి దగ్గర్నుంచి బుడగలు ఒక వరసగా వచ్చేవి, ఆగేవి, చాలాసేపటికి ఇంకో వరస వచ్చేది. నా బుడగలు మాత్రం అన్నం కుండ పొంగినట్టు ఎడతెగకుండా వస్తున్నాయి.

పైకొచ్చాక నేర్పించే ఆమె అడిగింది. "మేడం, మీరు పాటలు పాడతారా?"

"చర్చిలో పాడతానండీ."

"అదీ సంగతి! పాడేవాళ్ళ ఊపిరే వేరు. మీరు ఈ పనికే పుట్టారక్కా."

అరగంటలో మా ఆవిడ మేడం నుంచి అక్క అయిపోయింది. నేను ఆఖరి రోజుదాకా సార్‌నే. ఇంత చిన్న విషయం ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మధ్యాహ్నం అన్నం తింటుంటే నాకు అదే మనసులో తిరిగింది.

రెండో రోజు పడవ మీద లోపలికి తీసుకెళ్ళారు. పన్నెండు మీటర్ల లోతు. సిలిండర్లో ఎంత గాలి ఉందో చూపించే మీటరు ఒకటి ఛాతీ పక్కన వేలాడుతుంటుంది. రెండు వందలతో మొదలవుతాం. యాభైకి వచ్చిందంటే వెంటనే పైకి రావాలి. జంటలో ఒకరి గాలి అయిపోతే ఇద్దరూ రావాల్సిందే.

ఇరవై నిమిషాలకు నా మీటరు యాభై చూపించింది. అప్పుడే మా ఆవిడ ఒక రాతి సందు ముందు ఆగింది. లోపల రంగులు మార్చుకుంటున్న చిన్న ఆక్టోపస్. ఆమె నా వైపు తిరిగి, చిన్నపిల్లలా రెండు చేతులూ ఊపి చూపించింది. అంతలో నేర్పించే ఆమె నా మీటరు చూసి, బొటనవేలు పైకెత్తి, వెళ్ళిపోదామని సైగ చేసింది. వెనక్కి తిరిగి చూసుకుంటూనే పైకి వచ్చింది మా ఆవిడ. ఆమె మీటరు నూట ఇరవై దగ్గర ఉంది.

పడవెక్కాక తల తుడుచుకుంటూ, "ఇంకో అయిదు నిమిషాలుంటే ఎంత బాగుండేదో," అంది. నన్ను దెప్పాలని అనలేదు. దెప్పడం ఆమెకు చేతకాదు.

"సార్ గాలి అయిపోయిందక్కా. రేపు మనిద్దరం విడిగా కాసేపు ఎక్కువ ఉందాం లెండి," అంది నేర్పించే ఆమె.

పడవ నడిపేవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం మండిపోయింది. ఈమెకు ఈత నేర్పింది ఎవరు? మొన్న మే నెలలో కొలను అంచు పట్టుకుని వదలనన్నది ఎవరు? కాలువ గట్టు మీద నా చెప్పులకు కాపలా కూర్చున్నది ఎవరు? ఒడ్డు చేరేదాకా నాలో నేను ఇవే ప్రశ్నలు వేసుకున్నాను. ఆమె పడవ అంచున కూర్చుని నీళ్ళ వైపు చూస్తూ ఉంది. నా వైపు చూడలేదు. అంతకుముందు ఇద్దరం ఎక్కడ నీళ్ళ దగ్గరున్నా ఆమె చూపు నా మీదే ఉండేది.

ఆ సాయంత్రం మా ఆవిడ స్నానానికి వెళ్ళింది. నేర్పించే ఆమె తొట్టి దగ్గర సామాను ఉప్పు పోయేలా కడుగుతోంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"మీకొక విషయం చెప్పాలి. మా ఆవిడకు ఒకప్పుడు ఉబ్బసం ఉండేది. నాకెందుకో భయంగా ఉంది."

ఆమె చేతిలో పని ఆపేసింది. "ఫారంలో లేదని రాశారు కదా సార్?"

"ఏం రాసిందో నేను చూడలేదండీ."

ఈ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అబద్ధం చెప్పానన్న సంగతి గదికి నడిచి వెళ్తుంటే గానీ నాకు తట్టలేదు. తట్టినా వెనక్కి వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున మా ఆవిడ అందరికంటే ముందు తయారై కూర్చుంది. నేర్పించే ఆమె వచ్చి, మర్యాదగానే, కానీ ముఖం ముడుచుకుని చెప్పింది. "అక్కా, మీకు ఉబ్బసం ఉండేదని తెలిసింది. డాక్టరు పరీక్ష చేసి రాసిచ్చేదాకా మిమ్మల్ని దింపను. ఇలాంటివి దాచకూడదు కదక్కా."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను వంగి కాళ్ళకు రబ్బరు ఈత రెక్కలు తొడుక్కుంటున్నట్టు నటించాను. "సరేనండీ," అని ఆమె సిలిండర్ పక్కన పెట్టి, పడవలు ఆగే జెట్టీ మీద బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

ఆ రోజు నేనూ నేర్పించే ఆమే దిగాం. నిజం చెప్పాలంటే మొదటి పది నిమిషాలు నాకు హాయిగా ఉంది. పోల్చుకోవడానికి పక్కన ఎవరూ లేరు. ఊపిరి కూడా కొంచెం కుదురుకుంది. నేర్పించే ఆమె వేళ్ళతో సున్నా చుట్టి బాగుందని సైగ చేస్తే, మెడల్ వచ్చినంత సంబరపడ్డాను. కాసేపటికి ఒక తాబేలు కనపడింది. పెద్దది. మమ్మల్ని లెక్కచెయ్యకుండా గడ్డి కొరుక్కుంటోంది. చూపిద్దామని ఎడమ పక్కకు తిరిగాను. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆ తర్వాత దిగినంతసేపూ నాకు ఏం చూశానో గుర్తులేదు.

తిరిగి వచ్చేసరికి ఆమె అదే బల్ల మీద ఉంది. పక్కన కూర్చున్నాను. ఆమె నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

"మీరే చెప్పారా?"

"నీ మంచికే చెప్పాను. రేపేమన్నా అయితే..."

"లేదని రాయమన్నది మీరే కదండీ."

నేను వంగి కాళ్ళకంటిన ఇసుక దులుపుకున్నాను.

"నాకు అప్పుడే అనుమానం వచ్చింది, రాద్దామనుకున్నాను. మీకు తెలుసులే అని మీ మాట విన్నాను. మొన్న లేని భయం నిన్న సాయంత్రం ఎందుకొచ్చింది మీకు?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచి, ఏదో ఒకటి అనేసి తప్పించుకునేవాణ్ని.

"ఓర్వలేకపోయాను," అన్నాను.

"దేనికి?"

"నీకు నాకంటే బాగా వచ్చినందుకు."

ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "ఆ అమ్మాయి నేను అబద్ధం రాశాననుకుంటోంది. పొద్దున్నుంచి నా మొహం చూసి మాట్లాడట్లేదు. ముందు వెళ్ళి అది సరి చెయ్యండి. మనిద్దరి సంగతి తర్వాత."

వెళ్ళాను. నేర్పించే ఆమె సిలిండర్లు నింపే షెడ్డులో ఉంది. ఫారంలో లేదని రాయమన్నది నేనేనని, నిన్న చూడలేదని చెప్పింది అబద్ధమని, ఎందుకు చెప్పానో కూడా చెప్పాను. ఆమె చెయ్యి తుడుచుకుని నా ఎదురుగా నిలబడింది.

"మీరు నిన్న చెప్పడం మంచిదే అయింది సార్, ఎందుకు చెప్పినా సరే. మొదటి రోజు దాచారు చూడండి, అదీ నాకు కోపం. పన్నెండు మీటర్ల లోతున అక్కకు ఆయాసం వచ్చుంటే నేనేం చెయ్యాలి? మీరు చూసుకునేవాళ్ళా? మీ ఊపిరే మీరు చూసుకోలేకపోతున్నారు!"

అప్పటిదాకా నేను నా అసూయ గురించే ఆలోచించాను. మా ఆవిడ ప్రాణం గురించి ఆలోచించలేదు. 'అదేం ఉబ్బసం' అని ఎంత తేలిగ్గా అనేశాను! ఎలాగూ రెండో రోజుకి భయపడి ఒడ్డున కూర్చుంటుందిలే అన్న ధైర్యంతో అన్న మాట అది. తల ఊపి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం ఓడలో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాం. మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుని దారంతా నీళ్ళ వైపే చూసింది. జెట్టీ దగ్గర బామ్మర్ది కంగారుగా ఎదురొచ్చాడు.

"ఏంటి బావా, మధ్యలో వచ్చేశారు? ఏమైందక్కా?"

"డాక్టరు సంతకం కావాలంటరా. ఏం లేదు," అంది ఆమె. నా పేరు ఎత్తలేదు.

మర్నాడు చూసిన డాక్టరు పెద్దాయన. మిర్చి యార్డు కథంతా విన్నాడు. ఛాతీ మీదా వీపు మీదా స్టెతస్కోపు పెట్టి చూశాడు. ఒక యంత్రంలోకి ఊదించాడు, పరిగెత్తించాడు, మళ్ళీ ఊదించాడు. కాగితం మీద గీతలు చూసి కళ్ళజోడు పైకి జరుపుకున్నాడు.

"ఏం చేస్తుంటారమ్మా మీరు? పాతికేళ్ళ పిల్లకు ఉన్నంత బాగున్నాయి ఊపిరితిత్తులు."

ఇంత జరిగాక కూడా, నా తప్పు వల్ల ఆమె రావాల్సి వచ్చిన ఆ గదిలో కూర్చుని కూడా, నాకు చురుక్కుమంది. అంతటితో ఆగానా? "నాదీ ఒకసారి చూస్తారా డాక్టరు గారూ?" అని అడిగేశాను.

ఆయన విచిత్రంగా చూసి, గొట్టం ఇచ్చాడు. కాలువ అడుగున ఈదిన రోజుల్ని తలుచుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా ఊదాను. ఆయన కాగితం చూశాడు.

"మీ వయసుకి బాగానే ఉంది లెండి," అన్నాడు.

మా ఆవిడ చప్పున కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక నవ్వింది. "వయసుకి బాగానే ఉందంట," అంది. రెండు రోజుల్లో నాతో మాట్లాడిన మొదటి మంచి మాట అది.

డాక్టరు కాగితంతో హేవ్‌లాక్ తిరిగి వచ్చాం. ఆఖరి రోజు పొద్దున మా ఆవిడకు తప్పిపోయిన పాఠం ఉంది. "మీరూ రండి సార్," అంది నేర్పించే ఆమె. నేను దిగితే నా గాలి అయిపోగానే మా ఆవిడ కూడా పైకి రావాలి. "మీరిద్దరూ వెళ్ళండి," అన్నాను. త్యాగం అనుకోకండి. ఆ మాట అనడానికి నేను చాలా కష్టపడ్డాను. అద్దాలు పెట్టుకుని, పడవ పక్కన తేలుతూ, పై నుంచి చూశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. చాలా కింద, ఒకప్పుడు కాలువ నీళ్ళలోకి దిగమంటే భయపడిన ఒక టీచరమ్మ, చేతులు కట్టుకుని, పగడాల మీదుగా నిదానంగా వెళ్తోంది. ఏ కండరమూ కదలనట్టుంది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. అది చూస్తూ కూడా, అక్కడ ఆమె బదులు నేనుంటే అనుకున్నాను. రెండూ ఒకేసారి అనిపించాయి.

మధ్యాహ్నం చివరి పాఠం ఇద్దరం కలిసి దిగాం. యథాప్రకారం నా గాలే ముందు అయిపోయింది. నేను పైకి వెళ్దామని సైగ చెయ్యగానే ఆమె వెనక్కి చూడకుండా నాతో వచ్చింది. ఇద్దరం పాసయ్యాం.

మా ఊరు వచ్చాక చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు ఆమెను మాట్లాడమన్నారు. చేపల గురించి చెప్పింది, ఆక్టోపస్ గురించి చెప్పింది. "మా ఆయన ఓపిగ్గా ఈత నేర్పకపోతే నేను ఆ సముద్రం ఒడ్డునే ఉండేదాన్ని," అంది. మిగతాది ఏదీ చెప్పలేదు. వెనక బెంచీలో కూర్చున్న నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తర్వాత మా ఎనిమిదో తరగతి పిల్లలు చుట్టూ మూగి, "సార్, మేడం మీకంటే బాగా దిగుతారంట కదా?" అని అడిగారు. "అవున్రా, చాలా బాగా," అన్నాను. అబద్ధం చెప్పనందుకు నన్ను నేను మెచ్చుకోబోయాను. ఇందులో మెచ్చుకోవడానికేముందని వెంటనే అనిపించింది.

ఈ జనవరిలో ఆమె ఒక్కతే వెళ్ళింది, ఇంకా లోతుకు దిగే కోర్సు నేర్చుకోవడానికి. నాకు మండలం ఆటల పోటీలున్నాయి. అదే కారణమని ఇద్దరం ఒప్పుకున్నాం. చీరాల స్టేషన్లో రైలెక్కించాను. సీటు చూసి, బ్యాగు పైన పెట్టి, నీళ్ళ సీసా చేతికిచ్చాను.

"మీకు రావాలని ఉందా?" అని అడిగింది కిటికీలోంచి.

"ఉంది. నువ్వు వెళ్తుంటే ఏడుపొస్తోంది కూడా," అన్నాను.

"వచ్చే ఏడాది ఇద్దరం వెళ్దాం లెండి," అంది నవ్వుతూ. రైలు కదిలింది.

బండి స్టార్టు చేసి, పర్చూరు రోడ్డెక్కాను. బడికి వెళ్ళేసరికి పిల్లలు మైదానంలో ఎదురుచూస్తున్నారు. సున్నం డబ్బా తీసుకుని కబడ్డీ కోర్టుకు గీతలు గీయడం మొదలుపెట్టాను. మొదటి గీత వంకర పోయింది. చెరిపి మళ్ళీ గీశాను.